మూడు లెక్కలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ తమ్ముళ్లు రెండు నెలల కింద ఫోన్ చేసి, "అన్నా, ఆత్మవిశ్వాసం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలె, పిల్లలకు జోష్ రావాలె" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నవ్వింది. "సభలో మాట్లాడాలంటే వారం ముందు నుంచే నిద్రపట్టని మనిషివి, నువ్వు ఆత్మవిశ్వాసం గురించి చెబుతావా?" అంది. ఆమె మాట నిజం. అందుకని నాకు తెలియనిది చెప్పను. నన్ను నేను నమ్మని రోజుల్లో నాకేం జరిగింది, ఎవరు ఎలా బయటికి లాగారు, అదే చెబుతాను.

మనం ఉండే చోటు అలాంటిది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి చైతన్యపురి వైపు నడవండి. ఏ గోడ చూసినా, ఏ స్తంభం చూసినా నవ్వుతున్న పిల్లల ఫొటోలు, వాటి కింద ర్యాంకులు. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు, ఎస్ఐ, సాఫ్ట్‌వేర్, ఒక్కో సందులో ఒక్కో పరీక్ష. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ నుంచి బ్యాగు తగిలించుకుని వచ్చిన పిల్లలు పొద్దున లేచి హాస్టల్ కిటికీ తెరిస్తే మొదట కనిపించేది ఇంకొకరి ర్యాంకు. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లు పదిమందైతే, వాటి కింద నుంచి నడిచి వెళ్లేవాళ్లు వేలల్లో ఉంటారు. నేను ఆ కింద నడిచినవాళ్లలో ఒకణ్ణి. మా రోజుల్లో ఫ్లెక్సీలు లేవు, అంతే తేడా.

1989లో ఈ బడి నుంచే పది పాసయ్యాను. తెలుగు మీడియం. లెక్కల్లో నూటికి తొంభై ఒకటి. ఆ మార్కు చూసి మా నాన్న ఎంపీసీలో చేర్పించారు. ఆయన ఆర్టీసీ కండక్టరు. కాలేజీ పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. అక్కడ అంతా ఇంగ్లిషు మీడియం. మొదటి వారంలోనే ఒక లెక్చరర్ నన్ను లేపి బోర్డు మీద ఉన్న లెక్క చదవమన్నారు. చదివాను. నా ఉచ్చారణకు క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. పెద్ద నవ్వేం కాదది, ఆయనకు సాయంత్రానికి గుర్తుండి ఉండదు. నాకు ముప్పై ఆరేళ్లయినా గుర్తుంది.

ఆ రోజు నుంచి చివరి బెంచీ. అడిగితే నవ్వుతారని అడగలేదు. అడగలేదు గనక అర్థం కాలేదు. అర్థం కాలేదు గనక నాకు లెక్కలు రావని అనుకున్నాను. ఇందులో చిత్రమేమిటంటే, ఏడాది కింద తొంభై ఒకటి తెచ్చుకున్నవాణ్ణి నేనే. ఆ తొంభై ఒకటి ఎటు పోయింది? దాన్ని నేనే కొట్టేశాను. "అది తెలుగు మీడియం, పల్లెటూరి లెక్క, అసలు లెక్కలు ఇవి" అనుకున్నాను. మనసు అనుమానంలో పడ్డప్పుడు చేసే మొదటి పని ఇదే. మనకు అనుకూలంగా ఉన్న సాక్ష్యాన్ని చెల్లదంటుంది. వ్యతిరేకంగా ఉన్నదాన్ని మాత్రం భద్రంగా దాచుకుంటుంది.

మొదటి ఏడాది లెక్కల్లో తప్పాను. కాలేజీ నోటీసు బోర్డు దగ్గర చూసుకుని ఇంటికొచ్చి, పాసయ్యానని చెప్పాను. మా నాన్న కాగితం అడగలేదు. నా మాటే చాలనుకున్నారు. ఆయన అడిగుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో ఏడాది కాలేజీ తెరిచారు. రోజూ తొమ్మిదింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరేవాణ్ణి. కాలేజీకి మాత్రం పోయేవాణ్ణి కాదు. బస్సెక్కితే మా నాన్న తోటి కండక్టర్లు గుర్తుపడతారని ఎల్‌బీ నగర్ రింగు రోడ్డు నుంచి కొత్తపేట దాకా నడిచేవాణ్ణి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో ఒక మూల బత్తాయిల గోతాల పక్కన కూర్చునేవాణ్ణి. అక్కడ ఎవరికీ ఎవరూ పట్టరు. హమాలీలు బరువులు మోస్తుంటారు, దళారులు వేలం పాడుతుంటారు, కాళ్ల కింద కుళ్లిన పండ్లూ ఎండుగడ్డీ. మధ్యాహ్నం డబ్బా తిని సాయంత్రం ఇంటికి పోయేవాణ్ణి. ఇలా దాదాపు నెలన్నర. ఇప్పుడా మార్కెట్ బాటసింగారం పోయింది, ఆ స్థలంలో పెద్దాసుపత్రి కడుతున్నారు. ఆ దారిన పోయినప్పుడల్లా నాకు బత్తాయి వాసనే వస్తుంది.

ఒకరోజు మన లెక్కల సారు పండ్లు కొనడానికి వచ్చారు. ఆయన పేరు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడున్నవాళ్లలో సగం మంది చెవులకు ఆయన వేళ్ల గుర్తులుంటాయి. నన్ను చూశారు. నా డబ్బా చూశారు. బ్యాగు చూశారు.

"ఎన్ని దినాలైంది?" అన్నారు.

నేనేం మాట్లాడలేదు.

"లెక్కలేనా?"

తలూపాను. ఆయన తిట్టలేదు. "నువ్వు తెలివైనోడివిరా, నీకేం తక్కువ" అని కూడా అనలేదు. అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. నా సంగతి ఈయనకేం తెలుసు అనుకునేవాణ్ణి. ఆయన సంచీ నా చేతికిచ్చి ఇంటిదాకా మోయించారు. గుమ్మం దగ్గర, "రేపు పొద్దుగాల ఆరింటికి రా. పదో తరగతి లెక్కల నోటుబుక్కు పట్కరా. ఇంటర్‌ది వద్దు" అన్నారు.

పోయాను. ఆ నోటుబుక్కు ఇంకా ఉంది, ఇవాళ తెచ్చాను కూడా. ఆయన నాకు మూడు లెక్కలిచ్చారు. మొదటిది పదో తరగతిది, నేను నిద్రలో కూడా చేయగలిగింది. రెండోది దానికి కాస్త మెలిక పెట్టింది. మూడోది ఇంటర్‌ది, కానీ తెలుగులో రాసింది. మొదటిది రెండు నిమిషాల్లో చేశాను. రెండోదానికి పావుగంట పట్టింది. మూడోది రాలేదు. "రాకపోతే రానీ. దాని మీద ఇరవై నిమిషాలు కూసున్నవా లేదా, అది చెప్పు" అన్నారు. కూర్చున్నానన్నాను. "అయితే రాయి" అన్నారు. నోటుబుక్కు చివరి పేజీలో తేదీ వేసి, చేసినవి రెండు, కూర్చున్నది ఒకటి అని రాయించారు.

రోజూ అదే. మూడు లెక్కలు, చివరి పేజీలో ఒక వరస. నాలుగోది అడిగినా ఇచ్చేవారు కాదు. పది రోజులయ్యాక ఒక కాగితం మధ్యలో గీత గీసి రెండు భాగాలు చేశారు. ఎడమ పక్క వర్గ సమీకరణం, ద్విపద సిద్ధాంతం, ప్రమేయాలు, శ్రేఢులు. కుడి పక్క క్వాడ్రాటిక్ ఈక్వేషన్, బైనామియల్ థీరమ్, ఫంక్షన్స్, ప్రోగ్రెషన్స్. అది చూసి నాకు నోట మాట రాలేదు. కాలేజీలో ఏడాదంతా నన్ను బెదరగొట్టినవాటిలో సగం నాకు ముందే వచ్చినవి. ఇంగ్లిషు చొక్కా తొడుక్కుని వస్తే గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టేంత దగ్గరికి నేను పోలేదు, అదీ సంగతి.

నెల తిరిగేసరికి ఇంకో పని చెప్పారు. సాయంత్రం ఆయన దగ్గరికి వచ్చే ఎనిమిదో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పమన్నారు. నాకు కాళ్లు వణికాయి. నలుగురు పిల్లలు, వాళ్ల ముందు కూడా గొంతు పెగల్లేదు. మొదటి రోజు బోర్డు వైపు తిరిగి బోర్డుకే పాఠం చెప్పాను. రెండో వారానికి పిల్లల వైపు తిరిగాను.

ఆ మధ్యలోనే మా నాన్నకు చెప్పాను. సారు చెప్పమనలేదు. చివరి పేజీలో నలభై వరసలు నిండాక నాకే చెప్పాలనిపించింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మార్కెట్ దాకా రోజూ నడిచే పోయినవా?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకు నేను ఏడ్చినంతగా ఇంకెప్పుడూ ఏడవలేదు.

సప్లిమెంటరీలో పాసయ్యాను. గొప్ప మార్కులేం కావు. తర్వాత డిగ్రీ, బ్యాంకు పరీక్ష మూడోసారికి గట్టెక్కడం, ఉద్యోగం. ఇందులో ఫ్లెక్సీ మీద వేసుకునే సంగతి ఒక్కటీ లేదు.

సారు చేసిందేమిటో నాకు చాలా ఏళ్లదాకా తెలియలేదు. బ్యాంకులో శిక్షణ విభాగంలో పనిచేసినప్పుడు ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసినవి చదివాను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్, 2021లో పోయారు. ఒక పని నావల్ల అవుతుందన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందని ఆయన 1977లో ఒక వ్యాసం రాశారు. నాలుగు చోట్ల నుంచి వస్తుందన్నారు. స్వయంగా చేసి గెలవడం, మనలాంటివాడు చేస్తుంటే చూడడం, ఎవరైనా మాటతో ధైర్యం చెప్పడం, మన ఒంట్లో గుండెదడ, చెమటలాంటివాటిని మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది. వీటిలో అన్నిటికన్నా బలమైనది స్వయంగా చేయడమే. మాటతో ఇచ్చిన ధైర్యం ఒక్క ఓటమికి కరిగిపోతుంది.

ఆయన పాములంటే హడలిపోయేవాళ్లతో ప్రయోగాలు చేశారు. కొందరికి పామును పట్టుకునేవాళ్లను చూపించారు. కొందరితో దగ్గరుండి ఒక్కొక్క మెట్టు చేయించారు. దూరం నుంచి చూడడం, దగ్గరికి రావడం, చేతికి తొడుగు వేసుకుని ముట్టుకోవడం, తర్వాత తొడుగు లేకుండా. చూసినవాళ్ల కంటే చేసినవాళ్లకే భయం బాగా తగ్గింది. ఇది చదివి నేను పుస్తకం మూసి నవ్వుకున్నాను. మన సారు స్టాన్‌ఫర్డ్ పోలేదు. సరూర్‌నగర్ దాటి ఎక్కువ పోయినట్టు కూడా లేదు. మొదటి లెక్క దూరం నుంచి చూడడం, రెండోది తొడుగుతో ముట్టుకోవడం, మూడోది తొడుగు లేకుండా. అంతే కదా.

ఇలాంటి సభల్లో హనుమంతుడి కథ చెప్పకుండా దిగితే పెద్దలు ఊరుకోరు. కానీ ఆ కథను మనం సగమే చెబుతామని నా ఫిర్యాదు. సముద్రం ఒడ్డున వానరులంతా కూర్చుని ఎవరెంత దూకగలరో చెబుతారు. ఒకడు పది యోజనాలంటాడు, ఒకడు ఇరవై అంటాడు, జాంబవంతుడు ఈ వయసులో తొంభై అంటాడు. అంగదుడు నూరు యోజనాలూ దూకుతాను గానీ తిరిగి రాగలనో లేదో అంటాడు. అంత వీరుడికీ అనుమానమే. హనుమంతుడు పక్కన ఊరికే కూర్చుని ఉంటాడు. అప్పుడు జాంబవంతుడు ఆయన్ను పొగిడాడని, ఆ పొగడ్తకు ఆయన పెరిగాడని మనం చెప్పుకుంటాం. పొగిడిన మాట నిజమే. కానీ అందులో జాంబవంతుడు గుర్తుచేసిందేమిటి? చిన్నప్పుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగిరావు, ఇంద్రుడి వజ్రం తగిలి దవడ విరిగింది, అది నువ్వే అన్నాడు. ఆయన చేసిన పనినే ఆయనకు చదివి వినిపించాడు. పడిన సంగతి కూడా దాచలేదు. నాకు మా నోటుబుక్కు చివరి పేజీ అలాంటిదే.

పురాణం వద్దు, మన కాలంలో చెప్పమని వెనక వరస పిల్లలు అనుకుంటున్నారేమో. మన ఎల్‌బీ నగర్ నుంచి నాగోల్, ఉప్పల్, ఘట్‌కేసర్ మీదుగా పోతే గంటన్నర లోపు భువనగిరి. కోట ఉన్న ఆ ఏకశిల మీదకు మనలో చాలామంది పిక్నిక్‌కు మెట్లెక్కి పోయినవాళ్లమే. అదే గుట్టకు ఇంకో పక్క మెట్లుండవు, నున్నటి బండే. అక్కడికి సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వందమందికి పైగా పిల్లలను రాక్ క్లైంబింగ్‌కు తీసుకొచ్చారు. అప్పుడు ఆ సంస్థ కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, శిక్షకుడు శేఖర్ బాబు. ఆ పిల్లల్లో మాలావత్ పూర్ణ ఒకరు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరు, లంబాడా కుటుంబం, తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆ బండను మొదటిసారి చూసినప్పుడు తనకు భయమేసిందని పూర్ణే తర్వాత చెప్పింది. పైకి చేరాక ఆ భయం పోయిందంది. ఎక్కకముందు పోలేదు, గమనించండి.

భువనగిరి నుంచి ఇరవై మందిని డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు పంపారు. అందులోంచి తొమ్మిదిమందిని గడ్డకట్టే చలిలో లద్దాఖ్ తీసుకుపోయారు. చివరికి ఇద్దరు మిగిలారు, పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు హిమపాతంలో 16 మంది చనిపోయారు. వీళ్లిద్దరూ టిబెట్ వైపు నుంచి పోయి, మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. దారిలో చనిపోయినవాళ్ల శరీరాలు చూసినప్పుడు మళ్లీ భయపడ్డానని కూడా చెప్పింది. 2022లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. అందరం ఎవరెస్టునే గుర్తుపెట్టుకుంటాం. నాకు భువనగిరి ముఖ్యం. మొదటి రోజే ఆ పిల్లను నిలబెట్టి "నువ్వు ఎవరెస్టు ఎక్కగలవు" అంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఆమెకు ముందు ఒక గుట్ట ఇచ్చారు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే దానికోసం.

మా మిత్రుడి కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో రూము తీసుకుని గ్రూప్స్‌కు చదివేవాడు. అతణ్ణి అడిగే చెబుతున్నాను, పేరు మాత్రం వద్దన్నాడు. 2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు, నెగ్గాడు. మెయిన్స్‌కు చదువుతుండగా 2023 మార్చిలో పేపరు లీకేజీ బయటపడి పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశాడు. అదీ రద్దయింది. తర్వాతి ఏడాది నోటిఫికేషనే రద్దుచేసి కొత్తది ఇచ్చారు. ఇందులో అతని తప్పు రవ్వంత కూడా లేదు. అయినా వాళ్ల నాన్న నా దగ్గరికి పంపినప్పుడు ఆ పిల్లవాడు నాతో అన్న మొదటి మాట, "అంకుల్, నా మొహానికి గ్రూప్-1 ఎందుకనిపిస్తోంది."

నేనేం చేశానో తెలుసా? గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. నీకు సత్తా ఉంది, నువ్వు సాధించగలవు, మాకందరికీ నీ మీద నమ్మకముంది, నువ్వు ఈ కాలనీకే పేరు తెస్తావు. మార్కెట్లో నెలన్నర కూర్చున్నవాణ్ణి నేనే ఆ మాటలన్నాను! బ్యాంకులో కాస్త పెద్ద కుర్చీ దొరికేసరికి సారు చెప్పింది మరిచిపోయి ఫ్లెక్సీలాగా మాట్లాడాను. అతను తలూపి, కాఫీ తాగి, కాళ్లకు దండం పెట్టి పోయాడు. తర్వాత ఆరు నెలలు నా ఫోన్ ఎత్తలేదు. వాళ్ల నాన్న ఫోన్ కూడా సరిగా ఎత్తలేదు.

కిందటేడు మళ్లీ కలిశాడు. అడిగితే నిదానంగా చెప్పాడు. "మీరందరూ నమ్మకం ఉందంటుంటే నాకు ఇంకా భయమేసింది అంకుల్. ఇంతమంది నమ్మకాన్ని పోగొడతానేమోనని. మీరు నన్ను రోజూ ఏం చదువుతున్నావని అడిగి ఉంటే బాగుండేది." ఆ మాట వింటే నాకు మా నాన్న గుర్తొచ్చారు. కాగితం అడగకుండా నా మాట నమ్మిన మా నాన్న.

అప్పుడు ఇద్దరం ఒక కాగితం మీద అతను చేసినవి రాశాం. ఊళ్లో బడి నుంచి ఒక్కడే డిగ్రీ దాకా వచ్చాడు. ప్రిలిమ్స్ ఒకసారి నెగ్గాడు. అతని రూములో ఉన్న ఇద్దరికి పాలిటీ తనే చెప్పాడు, ఆ ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం వచ్చింది. ఇవన్నీ అతని లెక్కలో ఓటములుగానే ఉన్నాయి. పి.వి. సింధును కూడా మనవాళ్లు అలాగే లెక్కగట్టారు. 2016 రియో ఒలింపిక్స్ నుంచి 2018 ఆసియా క్రీడల దాకా పెద్ద ఫైనల్స్ వరసగా ఓడితే, ఫైనల్ అంటే భయమని, వెండి సింధు అని రాశారు. ఫైనల్ ఓడాలంటే దానికి ముందు అందరినీ గెలవాలి కదా, అది ఎవరూ లెక్కలో వేయలేదు. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యింది. రెండేళ్ల ముందు అదే ఒకుహరా చేతిలో 110 నిమిషాలు ఆడి ఓడిపోయింది.

మా పిల్లవాడికి అలాంటి ముగింపు ఇంకా రాలేదు. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తూ రాత్రిపూట చదువుతున్నాడు. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేసి ఆ వారం ఏం చదివాడో చెబుతాడు. నేను వింటాను. సలహా ఇవ్వాలని నాలుక దురద పెడుతుంది, ఆపుకుంటాను.

ఇంకో ముఖ్యమైన విషయం. వెనకున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు జాగ్రత్తగా వినాలి. అనుమానం వేరు, జబ్బు వేరు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, నచ్చిన పని మీద కూడా మనసు పోకపోవడం, బతకడం ఎందుకనిపించడం. దీనికి మూడు లెక్కల వైద్యం పనిచేయదు. దాన్ని మనోబలం తక్కువని అనకూడదు. దానికి డాక్టరున్నారు. 14416కు ఫోన్ చేస్తే చాలు, టెలి మానస్, ప్రభుత్వానిది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా పగలైనా. మనం ఇదే బడి ఆవరణలో ఒకణ్ణొకడు "నిన్ను ఎర్రగడ్డకు పంపాలిరా" అని ఏడిపించుకున్నాం. అక్కడున్నది ఆసుపత్రి. దాన్ని తిట్టు చేసి పెట్టుకోబట్టే, సాయం కావాల్సినవాడు ఆ గుమ్మం తొక్కడానికి సిగ్గుపడుతున్నాడు. ఆ తప్పులో నాకూ భాగముంది.

మీకు అనుమానం పూర్తిగా పోయిందా సార్ అని ఎవరైనా అడిగితే, పోలేదు. నలభై ఏడో ఏట నన్ను బ్రాంచి మేనేజర్‌ని చేశారు. మొదటి రోజు పార్కింగులో కారులోనే అరగంట కూర్చున్నాను. లోపల ఇరవై మంది, వాళ్లలో సగం మందికి నాకన్నా ఎక్కువ తెలుసు, ఇవాళ నా బండారం బయటపడుతుంది అనుకున్నాను. ఈ రోగానికీ ఒక పేరుంది, 1978లోనే క్లాన్స్, ఐమ్స్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు పెట్టారు. బాగా పైకొచ్చిన ఆడవాళ్లే తాము మోసగాళ్లమని, ఎప్పటికైనా దొరికిపోతామని లోపల భయపడుతుంటారని గమనించి, దాన్ని ఇంపోస్టర్ ఫినామినన్ అన్నారు. తర్వాత మగవాళ్లలోనూ ఉందని తేలింది. పేరు తెలిసినంత మాత్రాన కారు దిగుతామా? ఫోన్‌లో మూడు పనులు రాసుకున్నాను. ఒకటి, సెక్యూరిటీ గార్డుకు నమస్కారం చెప్పి పేరు అడగడం. రెండు, క్యాష్ కౌంటర్ దగ్గర పది నిమిషాలు నిలబడి చూడడం. మూడు, మొండి బకాయిల ఫైలు తెరవడం. మొదటిది నిద్రలో కూడా చేయగలిగింది. మూడోది ఆ రోజు కాలేదు. దాని ముందు ఇరవై నిమిషాలు కూర్చున్నాను. అది రాసుకున్నాను.

ఇవాళ పొద్దున కూడా అంతే. మెట్రోలో రావచ్చు గానీ కావాలని రింగు రోడ్డు నుంచి నడిచొచ్చాను. ఫ్లైఓవర్ల కింద నుంచి, ఆ పాత దారినే. కాళ్లు కాస్త వణికాయి. వణికితే ఏమైంది, వచ్చాను కదా.

ఇక కమిటీకి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో కొంత గేటు కట్టడానికి, కొంత శిలాఫలకానికి అన్నారు. కట్టండి, కాదనను. దానితోపాటు ప్రతి శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఇదే బడిలో ఒక గది తెరిచి ఉంచాలి. పాత విద్యార్థులు వంతులవారీగా ఇద్దరు చొప్పున కూర్చుంటారు. ఎవరికి లెక్కలు రావో, ఎవరికి ఇంగ్లిషు చదవాలంటే గొంతు పట్టేస్తుందో వాళ్లు వస్తారు. వాళ్లకు ప్రసంగాలు వద్దు. వచ్చినది ఒకటి, సగం వచ్చినది ఒకటి, రానిది ఒకటి, అంతే ఇవ్వాలి. చివరి పేజీలో తేదీ వేయించాలి. హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ గది ఇస్తానన్నారు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

మొదటి రెండు శనివారాలు నేను వస్తున్నాను. సారు కూడా వస్తానన్నారు, ఎవరైనా బండి మీద తీసుకొస్తే. మిగతా వారాలకు పేర్లు కావాలి. బయట భోజనాల పక్కన బల్ల మీద రిజిస్టరు పెట్టాం, పెన్ను కూడా కట్టాం. తినేముందు రాయండి, తిన్నాక మరిచిపోతారు.